శ్రమయు, విశ్రాంతియు, మనస్స్థైర్యమును

దాళ్వా పంట చేతికి వచ్చిన పిమ్మట ప్రతి వేసవియందును గోదావరి డెల్టా కాలువలను కట్టివేయుట మన సీమవారు తరతరములుగా నెరిగిన యాచారము. ధవళేశ్వరముకడ తలుపులు దించినంతనే కోనసీమ కాలువలలో నీరు క్రమముగా తగ్గి అడుగు బయటపడును. అప్పుడు పూడిక తీయుదురు, గుర్రపుడెక్కను లాగివేయుదురు, లాకుల తలుపులకు మరమ్మతు చేయుదురు, బలహీనమైన గట్టునకు మన్ను వేయుదురు. ఆ కొలది వారములు నీరు లేదని యే రైతును కాలువను నిందింపడు. పూడిక తీయకయే నీరు వదలిన యేట మాత్రము నిందించును. ఏలయన, అట్టి యేట ఎగువ పొలములు తడియును గాని శివారు పొలమునకు నీరందదు.

కాలువ విషయమున నింత వివేకము గల మనము మన బిడ్డల దేహముల విషయమున దానిని మరచుచున్నామేమో యని మాకు సందేహము కలుగుచున్నది. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో తెల్లవారుజామున కాలువగట్లపై పరుగిడు యువకులును, హెల్మెట్లు ధరించి సైకిళ్లపై వంగి పోవువారును మాకు తరచుగా కనబడుచున్నారు. కొందరు కొలువుల దేహపరీక్షలకై శ్రమించుచున్నారు, కొందరు ఆరోగ్యార్థము, మరికొందరు దూరపు పందెములకై. ఈ కడపటివారిలో ట్రయత్లాన్ అను పేరు ఇప్పుడు విశేషముగా వినవచ్చుచున్నది. ఉత్సాహము మెచ్చదగినదే. కాని యా యుత్సాహముతోపాటు ఒక దురభిప్రాయము గూడ వ్యాపించుచున్నది. విశ్రమించుట బలహీనుల లక్షణమనియు, నొప్పిని లెక్కచేయకుండుటయే మనస్స్థైర్యమనియు యువకులు నమ్ముచున్నారు. ఈ నమ్మకము తప్పనియు, అపాయకరమనియు మా దృఢాభిప్రాయము. దానిని హేతువులతో నిరూపించుటకే నేటి యీ వ్యాసము.

ముందుగా ఆ పందెమెట్టిదో పాఠకులకు తెలుపవలసియున్నది. ఈత, సైకిలు, పరుగు అను మూటిని నడుమ విరామము లేక వరుసగా ముగించుటయే ట్రయత్లాన్. ఇందు పొట్టి పందెములును గలవు. అట్టిదానికి 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో స్థానము లభించినది. దూరపు పందెములలో ప్రసిద్ధమైనది ఐరన్‌మ్యాన్. 1978 ఫిబ్రవరిలో హవాయి ద్వీపములలోని ఓవాహూలో 15 మంది దీనిని మొట్టమొదట ఆరంభించి, 12 మంది ముగించిరి. ప్రథముడైన గార్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషములు పట్టెను. 1981లో ఆ పందెము హవాయి పెద్దద్వీపపు కోనా తీరమునకు మారినది. నాటినుండి ‘కోనా’ యను పేరు ఆ క్రీడాకారులకు పుణ్యక్షేత్రము వంటిదైనది. మన కోనకును ఆ కోనాకును సంబంధము పేరిటి పోలికయే. కాని యచటి యెండయు, ఉక్కయు, సముద్రపు గాలియు మనవారికి కొత్తవి కావు.

ఈ పందెమున ఈత 3.86 కిలోమీటర్లు. ధవళేశ్వరముకడ గోదావరిపై నాలుగు భాగములుగా నున్న కాటన్ బ్యారేజి మొత్తము పొడవు సుమారు 3.6 కిలోమీటర్లు, ఆ కట్ట పొడవుకంటెను కొంచె మధికముగా ఈదవలయునన్నమాట. పిదప సైకిలు 180 కిలోమీటర్లు. అది ఇంచుమించు రాజమహేంద్రవరమునుండి విశాఖపట్టణము పోవునంత దూరము. ఆ తరువాత 42.2 కిలోమీటర్ల పూర్తి మారథాన్ పరుగు. సాధారణముగా ఈ మూటికిని గలిపి ఇచ్చు గడువు 17 గంటలు. ఇందులో సగము దూరముగల పందెమును మన దేశమున గోవాలో 2019 అక్టోబరునందు తొలిసారి జరిపిరి. నాటినుండి తెలుగు యువకుల దృష్టియు దానిపై ప్రసరించినది.

ఇంత దూరమునకు సన్నద్ధులగుటకు మాసములకొలది శ్రమ వలయుననుటలో సందేహము లేదు. ఆ శ్రమ ఎప్పుడు బలముగా మారును, ఎప్పుడు రోగముగా మారును? సమస్త విషయమును ఈ ప్రశ్నయందే యున్నది.

మా బంధువర్గమున కొత్తపేట ప్రాంతపు యువకుడొకడు గలడు. పట్టణమున ఉద్యోగము చేయుచు, సగము దూరపు పందెమున పేరు నమోదు చేసికొనెను. వేకువను పరుగు, రాత్రి సైకిలు, ఆదివారమున రెండును. నిద్ర అయిదు గంటలు. మొదటి రెండు మాసములు వాని వేగము పెరిగినది. మూడవ మాసమున నిలిచినది. నాల్గవ మాసమున తగ్గినది. తగ్గినకొలది వాడు శ్రమ నధికము చేసెను. సంక్రాంతికి వాని యింటికి పోయినప్పుడు చిక్కిన ముఖమును, చిరచిరలాడు స్వభావమును జూచి, కొన్నాళ్లు ఆగరాదా యని మే మడిగితిమి. “బాబాయిగారూ, ఒక్క రోజు మానేస్తే వారం వెనక్కి పోతానండి. మనసు గట్టిగా ఉండాలిగానీ ఒంటికేం తెలుస్తుందండీ?” అని వాడు బదులు చెప్పెను. అరుగుమీద గూర్చున్న వాని తండ్రి, జన్మమంతయు వ్యవసాయమున గడపినవాడు, “కాలవ కట్టేసిన నెల్లాళ్లూ చేను చచ్చిపోద్దని ఎప్పుడైనా ఏడ్చామంట్రా?” అనెను. కొడుకు నవ్వి ఊరకుండెను. తరువాత మూడు వారములకు వాని ముంగాలి యెముకలో సన్నని బీట కనుపించినది. వైద్యుడు పరుగు పూర్తిగా మాన్పించెను. పందెపునాడు వాడు ఇంటనే కూర్చుండవలసివచ్చెను.

వాని తండ్రి చెప్పినది లోకోక్తిగా మాత్రమే గ్రహింపదగినది కాదు. శరీరశాస్త్రమును అదియే చెప్పుచున్నది. 1936లో హాన్స్ సెల్యే యను వైద్యశాస్త్రజ్ఞుడు ఎలుకలపై చేసిన ప్రయోగములనుబట్టి ఒక సిద్ధాంతమును ప్రకటించెను. ప్రతికూలమైన యొత్తిడి తగిలినప్పుడు దేహము మొదట కలవరపడును. పిదప దాని నెదిరించి అలవాటు పడును. ఒత్తిడి విడువక కొనసాగినచో తుదకు కృశించును. వ్యాయామ శాస్త్రజ్ఞులు తరువాత ఈ భావమును తమ రంగమునకు అన్వయించుకొనిరి. పరుగిడునప్పుడు కండరములలోని సన్నని పోగులు కొంత చెడును. నిలువయున్న చక్కెరసత్తువ తరిగిపోవును. ఎముకపై సూక్ష్మమైన యరుగుదల కలుగును. ఆ సమయమున మనిషి నిన్నటికంటె బలహీనుడేగాని బలవంతుడు కాడు. పిమ్మట ఆహారము తిని నిద్రించుచుండగా దేహము ఆ నష్టమును పూరించుకొని, మరల నట్టి శ్రమయే రాగలదను జాగ్రత్తతో మునుపటికంటె కొంచె మధికముగా కట్టుకొనును. బలము పుట్టునది ఇచ్చట. శ్రమ విత్తనమైనచో విశ్రాంతి నేల. నేలలేని విత్తనము ఎంత మేలైనను మొలకెత్తదుగదా!

2013లో ఐరోపా, అమెరికా దేశముల వ్యాయామ వైద్య సంస్థలు రెండు కలిసి ఈ యతిశ్రమను మూడు మెట్లుగా వివరించినవి. కొన్ని దినముల యలసటతో తాత్కాలికముగా శక్తి తగ్గి, విశ్రమింపగా మునుపటికంటె మెరుగగుట మొదటి మెట్టు. ఇది అభ్యాసమున కోరదగినదే. వారములు మాసములు విశ్రమించిననుగాని కోలుకొనకుండుట రెండవది. అంతకంటెను దీర్ఘకాలము శక్తి, నిద్ర, ఉల్లాసము అన్నియు చెడి, కారణమైన వేరు రోగమేదియు కానరాకుండుట మూడవది. ఈ మూడవ స్థితిని నిర్ధారించుటకు తగిన రక్తపరీక్ష యొక్కటియు లేదు. మొదటి మెట్టునుండి రెండవదానికి జారిన క్షణము మనిషికి తెలియదు. తెలియునప్పటికి మాసములు నష్టమగును. కావుననే దీనికి చికిత్సకంటె నివారణయే ముఖ్యము.

ఇదియంతయు పాశ్చాత్యులు నిన్న మొన్న కనిపెట్టినదని తలంపవలదు. సుశ్రుతుడును, వాగ్భటుడును వ్యాయామమును గొనియాడుచునే, దానిని తన బలములో సగముమేరకే చేయవలెనని నియమించిరి. నుదుట, ముక్కున, కీళ్లయందు చెమట పుట్టుటయు, నోరెండుటయు ఆ సగమునకు గుర్తులని మన వైద్యము చెప్పుచున్నది. అతిగా వ్యాయామము చేయువానిని వాగ్భటుడు ఏనుగును ఈడ్వబోయి నశించు సింహముతో పోల్చెను. సింహము బలహీనమైనది కాదనుట యిచ్చట గమనింపదగినది. బలవంతునికే యీ యపాయము. బలహీనుడు ముందుగనే కూలబడి బ్రదికిపోవును.

అట్లని నేటి దూరపు పందెమునకు సగము బలముతోనే సన్నద్ధుడగుట సాధ్యమా యని పాఠకు లడుగవచ్చును. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ఉత్తమశ్రేణి క్రీడాకారుల యభ్యాసమును పరిశీలించిన స్టీఫెన్ సైలర్ మొదలగువారు, వారి యభ్యాసములలో సుమారు నూటికి 80 వంతులు తేలికపాటివేయనియు, తక్కినవి మాత్రమే తీవ్రమైనవనియు కనుగొనిరి. ప్రక్కవానితో సుఖముగా మాటలాడుచు పోగలిగిన వేగము తేలిక యనబడును. మనవారు చేయునది దీనికి విరుద్ధము. ప్రతిదినమును మధ్యరకపు తీవ్రతతో రొప్పుచు పరుగిడుదురు. అది తేలికయును గాదు, తీవ్రమును గాదు; అలసట మాత్రము పూర్తిగా మిగులును.

దీనికి మార్క్ ఆలెన్ అను నమెరికా వాని చరిత్రము చక్కని నిదర్శనము. వాడు 1982 మొదలు హవాయి పందెమున ఆరుసార్లు ప్రయత్నించి యొక్కసారియైనను గెలువలేదు. వేగమే లక్ష్యముగా నభ్యసించిన కాలమున దెబ్బలును, అలసటయు వానిని వదలలేదు. పిమ్మట గుండెకొట్టుకొను వేగమునకు ఒక హద్దు నేర్పరచుకొని, తన కవమానకరముగా తోచునంత నెమ్మదిగా పరుగిడ నారంభించెను. కాలక్రమమున అదే నాడితో వాని వేగము పెరిగినది. 1989లో తన ప్రధాన ప్రత్యర్థియైన డేవ్ స్కాట్‌తో ప్రక్కప్రక్కనే ఎనిమిది గంటలు పోరి, నిమిషము లోపు తేడాతో గెలిచెను. తరువాత మొత్తము ఆరు పర్యాయములు విజేత యయ్యెను. కడపటి విజయము 1995లో, 37 సంవత్సరముల వయస్సున. నెమ్మదిగా పోవుట కెంతటి మనోబలము వలయునో మన యువకులు యోచింతురు గాక! ప్రక్కవాడు దాటిపోవుచుండగా తన హద్దులో తాను నిలుచుట పరుగుకంటె కష్టము.

ఇక లెక్క సంగతి. భూస్వామి యెవ్వడును చిట్టా ఆవర్జా లేక సేద్యము సాగింపడు. దేహమునకును అట్టి పద్దు అవసరము. కార్ల్ ఫాస్టర్ అను శాస్త్రజ్ఞుడు సూచించిన యుపాయము మిక్కిలి సులభమైనది. అభ్యాసము ముగిసిన యరగంటకు, అది యెంత కష్టముగా నున్నదో సున్న మొదలు పదివరకు ఒక అంకె వేసికొని, దానిని నిమిషములచే హెచ్చింపవలెను. గంటసేపు తేలికగా సైకిలు త్రొక్కి మూడని వేసికొనినచో 180. నలువది నిమిషములు తీవ్రముగా పరుగిడి ఎనిమిదని వేసికొనినచో 320. కాలము తక్కువైనను భారము రెండవదానికే యధికము. ఈ యంకెలను వారమునకొకసారి కూడుచు వచ్చినచో, భారము హఠాత్తుగా పెరిగిన వారము కాగితముమీదనే కనుపించును. దీనితోపాటు ప్రాతఃకాలమున లేవకమునుపే నాడిని లెక్కించుకొనుట, నిద్రించిన గంటలను, మనస్సు ఉల్లాసముగా నున్నదో లేదో వ్రాసికొనుట మంచిది. నాడి వరుసగా కొన్ని దినములు మామూలుకంటె పెరిగి, నిద్ర చెడి, ఇష్టమైన యభ్యాసముపై విసుగు పుట్టినచో, అది దేహము వ్రాసిన నోటీసు. దానిని చింపివేసినంతమాత్రమున బాకీ తీరదు.

రెండు మూడు వారములు భారము పెంచి, ఒక వారము తగ్గించుట పలువురు శిక్షకుల పద్ధతి. పందెమునకు ముందు సుమారు రెండు వారములు వేగమును విడువక, మొత్తము దూరమును మాత్రము 41 నుండి 60 శాతమువరకు తగ్గించినవారికి మిక్కిలి ఫలము కలిగినదని 2007లో పెక్కు పరిశోధనలను క్రోడీకరించిన యొక వ్యాసము తేల్చినది. కడపటి వారమున కొత్త బలము చేకూరదు. ఉన్న యలసట మాత్రము తీరును. తోటి పందెగాండ్రు ఇంకను పరుగిడుచున్నారని విని యీ దినములలో చలింపకుండుట మొదటి మనఃపరీక్ష.

ఆహారపానీయముల విషయమున మన సీమకు సంబంధించిన జాగ్రత్తలు కొన్ని గలవు. కోనసీమ గాలిలో తేమ యధికము. చెమట పుట్టును గాని యారదు. ఆరని చెమట దేహమును చల్లార్పదు. ఉష్ణమునకు దేహమలవాటు పడుటకు పది పదునాలుగు దినములు పట్టును; కావున ఏసీ గదిలో పనిచేయువాడు ఆదివారమునాడు ఒక్కసారిగా ఎండలో దూరము పోరాదు. పరుగిడుచు మతి తడబడినవానిని మొదట నీటిలో ముంచియైనను చల్లార్పవలెను. పిదప ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కొబ్బరినీరు మనకు సమృద్ధిగా గలదు, మంచిదే. కాని యందు పొటాషియము విశేషము, చెమటలో పోవు ఉప్పు స్వల్పము; ఉప్పు వేసిన పలుచని మజ్జిగ దానికి తోడుగా నుండవలెను. మితిమీరి నీరు త్రాగుటయు అపాయమే. 2002లో బోస్టన్ మారథాన్ ముగించిన 488 మందిని పరీక్షింపగా, వారిలో 13 శాతమునకు రక్తమున ఉప్పు ప్రమాణము తగ్గియుండెను. పరుగున బరువు తగ్గవలసినదిపోయి పెరిగినవారికే ఆ ముప్పు ముఖ్యముగా కలిగినది. దాహమునుబట్టి త్రాగుట మేలు.

శ్రమ పెంచి తిండి తగ్గించుట మరియొక తప్పు. సన్నబడినచో వేగము పెరుగునని కొందరు అన్నము మానుచున్నారు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు 2014లోనే ఈ విషయమున హెచ్చరించిరి. శ్రమకు తగిన యాహారము లేనిచో ఎముకలు బలహీనమగును. స్త్రీలకు ఋతుక్రమము తప్పును. పురుషులకును సత్తువ సన్నగిల్లును. ఆడపిల్లలు క్రీడలలో నడుగిడుచున్న యీ దినములలో తల్లులు ఈ గుర్తును ఉపేక్షింపరాదు.

ఇక మనస్సు. మనస్స్థైర్యము దేహమునకు సంబంధము లేని వేరు శక్తియని పలువురు తలంతురు. 2009లో శామ్యూల్ మార్కోరా యను శాస్త్రజ్ఞుడును వాని సహచరులును ప్రకటించిన ప్రయోగము దీనిని ఖండించుచున్నది. 16 మందిచే ఒకనాడు తొంబది నిమిషములు మెదడునకు శ్రమకలుగు పని చేయించి, వెంటనే సైకిలు త్రొక్కించిరి. మరియొకనాడు అట్టి శ్రమలేకయే త్రొక్కించిరి. మెదడలసిననాడు సగటున 640 క్షణములకే విడిచిపెట్టిరి. అలయనినాడు 754 క్షణములు నిలిచిరి. గుండెయు, కండరములును రెండు దినములును ఒకే తీరున పనిచేసినవి. కష్టము మాత్రము అధికముగా తోచినది. అనగా మనోబలమును కాలువనీటివంటిదే. ఎగువ వాడినంత దిగువకు తగ్గును. పరీక్షలు, ఆఫీసు బాధ్యతలు, అప్పులు, కోర్టు వ్యాజ్యములు, ఇంటి జబ్బులు—ఇవియన్నియు ఆ నీటినే త్రాగుచున్నవి. దేహమునకు పరుగు ఖాతా వేరు, చింత ఖాతా వేరు లేవు. ఉన్నది యొక్కటే ఖాతా. కోతలకాలమున వాన పట్టి, రాత్రులు నిద్రలేక ధాన్యము కాచుకొనిన రైతుబిడ్డ ఆ వారమున పరుగు తగ్గించినచో వాడు సోమరి కాడు, లెక్క యెరిగినవాడు.

మనస్సును పెంపొందించు సాధనములును లేకపోలేదు. తనతో తాను పలుకు మాటలను ముందుగా నేర్పరచుకొని రెండు వారములభ్యసించినవారు, సైకిలుపై మునుపటికంటె సుమారు 18 శాతము అధికకాలము నిలువగలిగిరని 2014లో మరియొక ప్రయోగము చూపినది. మిగిలిన దూరమునంతయు ఒక్కసారి తలంపక, ముందరి మలుపువరకే తలంచుట మరియొక యుపాయము. కొబ్బరి దింపువారిని గమనింపుడు. తోటయంతటి చెట్లను లెక్కించుచు మొదటి చెట్టెక్కినవాడు లేడు. ఎక్కుచున్న చెట్టే వాని లోకము. దిగిన పిమ్మట నొక గ్రుక్క నీరు, ఒక నిట్టూర్పు. మరల తరువాతి చెట్టు.

మన పొరుగుననే యొక నిదర్శనము గలదు. సామర్లకోటకు చెందిన గోలి శ్యామలగారు నలువదుల వయస్సులో ఈత నేర్చి, 2021 మార్చిలో శ్రీలంకనుండి ధనుష్కోటివరకు పాక్ జలసంధిని 13 గంటలకు పైగా ఈది దాటిరి. 2024 డిసెంబరు చివర విశాఖపట్టణమున బయలుదేరి, 2025 జనవరి మొదటి వారమున కాకినాడకు సుమారు 150 కిలోమీటర్లు సముద్రమున ఈదివచ్చిరి. అప్పటికి వారి వయస్సు 52 సంవత్సరములు. ఆ దూరమును ఒక్క బిగువున గాక దినదినము కొంత చొప్పున పంచుకొని సాధించిరి. ఈదిన గంటలను లోకము మెచ్చుకొనినది. ఈదని గంటలనుగూడ మేము మెచ్చుకొనుచున్నాము. అవి లేనిదే మరునాటి యీత లేదు.

అమలాపురమున జన్మించిన సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి క్రీడ వేరు. కాని పాఠ మొక్కటే. చిరాగ్ శెట్టితో జంటగా ప్రపంచమున ప్రథమస్థాన మందిన యీ యువకుడు 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో క్వార్టర్ ఫైనలునందే ఓడెను. 2025లో అదే పట్టణమున జరిగిన ప్రపంచ పోటీలలో ఆ జంట కాంస్య పతకము గైకొనినది. ఓటమి జరిగిన చోటికే మరల పోయి నిలుచుట స్థైర్యము.

స్థైర్యమునకు మరియొక రూపమును పౌలా న్యూబీ ఫ్రేజర్ అను వీరవనిత చూపినది. 1995 హవాయి పందెమున ముందంజలో నుండి, గమ్యమునకు కొలది వందల గజముల దూరమున శక్తి యుడిగి వీథిలోనే కూలబడెను. ప్రాణము పోయినను ప్రాకుదునని ఆమె పట్టుబట్టలేదు. బూట్లు విప్పి, పరుండి, నీరు త్రాగి, ఇరువది నిమిషములకు పైగా విశ్రమించి, పిమ్మట లేచి మెల్లగా నడచి నాల్గవదిగా ముగించెను. మరుసటి యేట, 1996లో, తన యెనిమిదవ విజయమును సాధించెను. ఆగుట యెరిగినందుననే ఆమెకు మరుసటి యేడు మిగిలినది.

కావున మనస్స్థైర్యమునకు రెండు ముఖములు గలవని మేము చెప్పుచున్నాము. అలసినను సాగుట యొకటి. సాగవలెనని తోచినను ఆగుట రెండవది. మొదటిది జనుల చప్పట్లు పొందును. రెండవదానికి చప్పట్లు లేవు. అయినను పందెపునాడు మొదటిది పనికివచ్చుటకు, మాసములకొలది రెండవది పనిచేసియుండవలెను.

ఈ విషయమున పెద్దల కర్తవ్యమును గలదు. మన కాలువలు ఈతకు యోగ్యములని యువకులు దిగుచున్నారు. లాకులదగ్గర సుడులును, వరదకాలపు మురికినీరును అపాయకరములు. తోడుగా పడవయు, ఈతగాడును లేక యెవ్వరును దిగరాదు. అమలాపురము, రాజోలులమీదుగా పోవు 216వ జాతీయ రహదారిపై లారీలనడుమ చీకటిలో సైకిలు త్రొక్కుట సాహసము గాదు, అవివేకము. మునిసిపాలిటీలును, పంచాయతీలును, కళాశాలల యాజమాన్యములును కలిసి, తెల్లవారిన పిమ్మట రెండు గంటలు వాహనములు రాని గట్టుబాటలను కొన్నిటిని యువతీయువకులకు కేటాయించినచో గొప్ప యుపకార మగును. తండ్రులు తమ బిడ్డలను “ఎంత దూరము పోయితివి?” అని యడుగుటతోపాటు “ఎంతసేపు నిద్రించితివి?” అనియు నడుగుదురు గాక!

మా బంధువగు ఆ యువకుడు ఎముక అతుకుకొనిన పిదప మరుసటి యేట మరల నారంభించెను. వారమునకొక దినము పూర్తి విశ్రాంతి, ఏడెనిమిది గంటల నిద్ర, గోడనంటించిన పద్దు. మునుపటికంటె తక్కువ గంటలు శ్రమించి, సగము దూరపు పందెమును గడువులోపలనే ముగించెను. ఇంటికి వచ్చిననాడు తండ్రి యడిగినది ఒక్కటే: “చివరి కోసుదాకా నీరందిందా?” “అందిందండి నాన్నగారూ” అని వాడు చెప్పెను.

తొలకరికి తలుపులు లేపినప్పుడు గోదావరి నీరు ధవళేశ్వరమునుండి బయలుదేరి, గన్నవరము అక్విడక్టుమీదుగా వైనతేయను దాటి, రాజోలు దీవిలోని కట్టకడపటి పొలమును తడుపవలసియున్నది. ఆ నీటి బలము ఆనాటిది మాత్రమే కాదు. వేసవిలో కాలువ కట్టి పూడిక తీసిననాటిది. మారథాన్ పరుగులోని కడపటి పది కిలోమీటర్లు పందెగానికి శివారు పొలము. అచటికి నీరు చేరవలెనన్నచో, మన యువకులు తమ దేహమునకును ఏటేట, నెలనెల, వారవారమును కాలువ కట్టు కాలము నొకదానిని గౌరవముతో నేర్పరచుకొందురు గాక!